నది కోసం నడిచిన మౌలానా

ఇరిగేషన్ సబ్జెక్టు సెమినార్‌లో నేను మన కె.ఎల్.రావు గారి గురించి చెప్దామనుకున్నాను. విజయవాడ ఎంపీగా గెలిచి, 1963 నుంచి 1973 దాకా కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా చేసిన ఇంజినీరు కదా. ఆయన మంత్రిగా ఉన్న కాలంలోనే ఫరక్కా బ్యారేజీ పని చాలావరకు జరిగింది. దాని వివరాల కోసం వెతుకుతుంటే ఒక ముసలాయన ఫోటో కనబడింది. లుంగీ, తెల్లటి గడ్డం, నెత్తిన తాటాకు టోపీ. ఎవరీయన, బ్యారేజీతో ఈయనకేం పని అనుకున్నాను. అక్కణ్ణించి నా సెమినార్ దారి తప్పింది. ఆ తప్పిన దారి గురించే ఈ వ్యాసం.

ఆయన పేరు అబ్దుల్ హమీద్ ఖాన్. 1880లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిరాజ్‌గంజ్ దగ్గర పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నారు. దేవ్‌బంద్‌లో చదివారు, జాతీయోద్యమంలో జైలుకెళ్లారు, తర్వాత అస్సాం చేరారు. అక్కడ బ్రహ్మపుత్ర మధ్యలో భాషాన్ చర్ అనే చోటు ఉంది. చర్ అంటే మనం గోదావరిలో లంక అంటామే, అదే. బెంగాల్ నుంచి వలసపోయిన పేద రైతులు అలాంటి లంకల్లో బతికేవారు. వరదొస్తే ఇల్లూ పంటా రెండూ పోయేవి. ఆయన వాళ్లను కూడగట్టారు, సభలు పెట్టించారు, అందరిచేతా కట్టలు పోయించారు. అలా భాషాన్ చర్ మౌలానా కాస్తా మౌలానా భాషానీ అయ్యారు. మనలో ఊరి పేరు ఇంటిపేరు అయినట్టే, ఆయనకు ఒక లంక పేరు జీవితాంతం ఉండిపోయింది.

వలస వచ్చినవాళ్లు ఫలానా గీత దాటి భూమి సాగు చేయకూడదని అప్పట్లో అస్సాంలో లైన్ సిస్టమ్ అనే పద్ధతి ఉండేది. భాషానీ దాని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 1937లో అస్సాం శాసనసభకు ఎన్నికయ్యారు. దేశ విభజన అయ్యాక తూర్పు బెంగాల్ వెళ్లిపోయారు. 1949లో అవామీ ముస్లిం లీగ్ పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే. విదేశాంగ విధానం మీద సొంత పార్టీవాళ్లతో పడక 1957లో బయటికొచ్చేసి నేషనల్ అవామీ పార్టీ పెట్టారు. మత గురువై ఉండి ఎప్పుడూ రైతుల, కూలీల పక్షం మాట్లాడటంతో ఎర్ర మౌలానా అన్న పేరొచ్చింది. మంత్రి పదవి మాత్రం ఏనాడూ చేయలేదు. 1971 యుద్ధం నాడు మన దేశంలోనే తలదాచుకున్నారు.

ఇప్పుడు ఫరక్కాకి వద్దాం. పశ్చిమ బెంగాల్‌లో, బంగ్లాదేశ్ సరిహద్దుకు ఇవతల కొద్ది దూరంలోనే గంగ మీద కట్టిన బ్యారేజీ అది. పొడవు 2.24 కిలోమీటర్లు, మన ప్రకాశం బ్యారేజీకి దాదాపు రెండింతలు. సాగునీటి కోసం కట్టింది కాదు. హుగ్లీలో పూడిక పేరుకుని కోల్‌కతా ఓడరేవు మూతపడేలా ఉంటే, 38 కిలోమీటర్ల కాలువ తవ్వి 40,000 క్యూసెక్కులు అటు మళ్లించి ఆ పూడికను కడిగేద్దామన్నది ఆలోచన. 1975 ఏప్రిల్‌లో ప్రారంభించారు. మొదట 41 రోజులకు ఒక తాత్కాలిక ఒప్పందం ఉండేది. అది అయిపోయాక, మరో ఒప్పందం లేకుండానే మళ్లింపు సాగింది.

మనకి లెక్కలంటే అలవాటేగా, ఒక లెక్క చూడండి. తర్వాత రెండు దేశాలూ ఒప్పుకున్న అంకె ప్రకారం, ఏప్రిల్ చివర్లో ఫరక్కా దగ్గర గంగలో ఉండే నీళ్లు 55,000 క్యూసెక్కులు. అందులో 40,000 పక్కకు పోతే కిందికి మిగిలేవి 15,000. కాగితం మీద ఇది చిన్న తీసివేత. నది దిగువన మాత్రం పద్మ పాయ అయిన గోరాయ్ ఎండిపోయింది, ఖుల్నా వైపు ఉప్పునీరు పైకి ఎగదన్నింది. కమిషన్లలో కూర్చున్నది రెండు వైపులా మంత్రులు, ఇంజినీర్లే. నది మీద బతికేవాళ్లను అడిగినవాళ్లు లేరు.

1976లో భాషానీ ఆ పని చేయించారు. వయసు తొంభై ఐదు, ఆసుపత్రిలో ఉండి వచ్చిన ఒళ్లు. మన ప్రధాని ఇందిరాగాంధీకి ఉత్తరం రాసి, వచ్చి ఆ నష్టం కళ్లారా చూడమన్నారు. ఆమె జవాబిచ్చారు కానీ పేచీ తీరలేదు. మే 16న రాజ్‌షాహీ మదరసా మైదానం నుంచి ఫరక్కా వైపు జనయాత్ర మొదలైంది. రైతులు, జాలర్లు, విద్యార్థులు వేలకు వేలు కదిలారు. దారిలో మహానంద అడ్డొస్తే పడవలు వరసగా పేర్చి దాటారు. మర్నాడు సరిహద్దుకు ఇవతలే, కాన్సాట్‌లో యాత్ర ఆపేశారు. సరిహద్దు దాటలేదు. తమ మాట వినబడాలన్నదే ఆయన పట్టుదల అని నాకనిపించింది.

ఆ యాత్ర వల్లే అంతా మారిందని నేననను. అక్కడి ప్రభుత్వానికీ అది కలిసొచ్చింది, దాని రాజకీయం దానికుంది. అదే ఏడు బంగ్లాదేశ్ ఐక్యరాజ్యసమితికి వెళ్లింది. నవంబరు 17న భాషానీ కన్నుమూశారు. ఇంకో తొమ్మిది రోజులకు, రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకోవాలని సమితి సాధారణ సభ ప్రకటన వచ్చింది. 1977 ఒప్పందంలో ఆ 55,000లో బంగ్లాదేశ్‌కు 34,500, మనకు 20,500 అని రాసుకున్నారు.

ఇదంతా చదివాక నేను మన వైపు కూడా చూశాను. కపిల్ భట్టాచార్య అనే బెంగాలీ ఇంజినీరు, ఫరక్కా వల్ల అనుకున్న మేలు జరగదని, పైన పూడిక, వరద పెరుగుతాయని ముందే హెచ్చరించారు. పాకిస్తాన్ గూఢచారి అన్న నింద మోశారు, ఉద్యోగం వదులుకున్నారు. ఫరక్కాకి ఎగువన మాల్దాలో గంగ కోతకు ఊళ్లకు ఊళ్లే పోయాయి. మనం పులస అంటామే, ఆ చేప ఒకప్పుడు అలహాబాద్ దాకా ఎదురీదేది. బ్యారేజీ అడ్డొచ్చాక బీహార్ జాలర్లకు దాదాపు కరువైంది. వీళ్లంతా మనవాళ్లే, వీళ్లనూ అడగలేదు. నాకు కొట్టొచ్చినట్టు కనబడింది ఇదే: గొడవ రెండు దేశాల మధ్య అని చదువుకున్నాం గానీ, అడగబడనివాళ్లు గీతకు రెండు పక్కలా ఉన్నారు.

1996 డిసెంబరు 12న ముప్పై ఏళ్ల గంగా ఒప్పందం కుదిరింది. ఫరక్కా దగ్గరా, అటు హార్డింజ్ వంతెన దగ్గరా రోజూ నీళ్లు కొలవడానికి ఉమ్మడి కమిటీ ఉంది. అందులో ఉండేది రెండు ప్రభుత్వాలు పంపిన ప్రతినిధులే. జాలరికి, లంక రైతుకి అందులో కుర్చీ లేదు. ఆ గడువు 2026 డిసెంబరుతో తీరుతుంది. ఒప్పందం కుదిరిన డిసెంబరు 12 భాషానీ పుట్టినరోజు కూడా, అది కేవలం యాదృచ్ఛికమే.

మనలో కొందరం రేపు నీటి శాఖల్లోకి వెళ్తాం. దిగువకు వదలాల్సిన నీళ్లు లెక్కగట్టే పని మన చేతికే రావచ్చు. అప్పుడు ఆ అంకె రాసేముందు ఒక్కసారి దిగువకు వెళ్లి, అక్కడివాళ్లతో కూర్చుని రండి. నా సెమినార్‌కి మార్కులు తగ్గాయి, టాపిక్ నుంచి పక్కకు పోయానట. కానీ నేను పక్కకు పోలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.