మారుతి 800 ఇంజిన్‌తో రేస్ కారు.. ఇద్దరు ఎఫ్1 డ్రైవర్లకు బాట వేసిన కరివర్ధన్.. ఎవరీయన?

గుడుపల్లె: ఫార్ములా వన్ రేసుల్లో ఇప్పటిదాకా భారత్ తరఫున పోటీపడింది ఇద్దరే ఇద్దరు. ఒకరు నారాయణ్ కార్తికేయన్, ఇంకొకరు కరుణ్ చందోక్. ఈ ఇద్దరికీ ఒక పోలిక ఉంది. కెరీర్ తొలి రోజుల్లో ఇద్దరూ నడిపిన రేస్ కారులో ఉన్నది మన ఊళ్లలో తిరిగిన మారుతి 800 ఇంజినే! అవును.. పాల క్యాన్లు, టమాటా బుట్టలు, పెళ్లివారిని మోసిన ఆ చిన్న కారు గుండెకాయే దేశంలో రేసింగ్‌కు బడి అయ్యింది.

ఆ బడి కట్టిన మనిషి పేరు సుందరం కరివర్ధన్. రేసింగ్ లోకంలో అందరూ ముద్దుగా పిలుచుకున్న పేరు కరి. కోయంబత్తూరు వాసి. తెలుగు మూలాలున్న కుటుంబం. 41 ఏళ్లకే కన్నుమూశారు. మన దగ్గర చాలామందికి ఆయన పేరు కూడా తెలియదు. అసలు ఆయన ఏం చేశారు? ఎలా చేశారు? ఓసారి చూద్దాం.

రైలెక్కితే కోయంబత్తూరు..

గుడుపల్లె, కుప్పం మీదుగా వెళ్లే రైలు పట్టాలు జోలార్‌పేట దగ్గర రెండుగా చీలుతాయి. ఒకటి చెన్నై వైపు, ఇంకొకటి సేలం, ఈరోడ్ దాటి కోయంబత్తూరు వైపు. మన ప్రాంతంలో ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పక్క ఊళ్లో కన్నడం వినిపించడం మామూలే. కోయంబత్తూరులోనూ అలాంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వలస వెళ్లిన తెలుగువాళ్ల వారసులు వాళ్లు. నల్లరేగడి నేలలో పత్తి పండించారు. ఆ పత్తి నుంచి మిల్లులు, ఆ మిల్లుల నుంచి యంత్రాల కర్మాగారాలు పుట్టుకొచ్చాయి.

1910లో జి.కుప్పుస్వామి నాయుడు మొదలుపెట్టిన లక్ష్మీ మిల్స్ అలాంటిదే. ఆ కుటుంబంలోనే 1954లో పుట్టారు కరివర్ధన్.

కోయంబత్తూరుకు యంత్రాల పిచ్చి కొత్తేమీ కాదు. 1920లోనే జి.డి.నాయుడు అనే మరో తెలుగు బిడ్డ పొల్లాచి, పళని మధ్య సొంతంగా బస్సు నడిపారు. ఆ తర్వాత ఎన్నో యంత్రాలు తయారుచేసి పేరు తెచ్చుకున్నారు. లేత్ మిషన్లు, పంపుసెట్లు, మోటార్లు చేసే షెడ్లు వీధివీధికీ ఉన్న ఊరది. కావాల్సిన పార్టు దొరక్కపోతే పక్క షెడ్డులో చేయించుకునే అలవాటు ఆ ఊరిది. కరి పెరిగింది ఆ వాతావరణంలోనే.

డబ్బున్నోళ్ల ఆట..

1970, 80ల్లో మన దేశంలో కార్ రేస్ అంటే షోలవరమే. మద్రాసు నుంచి నెల్లూరు వైపు వెళ్లే దారిలో ఉంటుంది ఆ ఊరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వేనే అక్కడ రేస్ ట్రాక్. రేసుల రోజుల్లో జనం వేలల్లో వచ్చేవాళ్లు.

కానీ ట్రాక్ మీద ఎక్కువగా కనిపించిన కార్లు రెండు రకాలు. ఒకటి, విదేశాల నుంచి తెప్పించిన ఫార్ములా కార్లు. వాటి మీద దిగుమతి సుంకమే తడిసి మోపెడయ్యేది. పారిశ్రామికవేత్తలకు, రాజకుటుంబాల వాళ్లకు తప్ప ఇంకెవరికీ అందేవి కావు. రెండోది, ఇక్కడి ఫియట్లు, హెరాల్డ్‌లు, అంబాసిడర్లు. వాటి ఇంజిన్లను కుస్తీపట్టి సవరించి ట్రాక్ మీదకు తెచ్చేవాళ్లు.

కరి కూడా ఇక్కడే రేసర్‌గా పేరు తెచ్చుకున్నారు. దేశంలో అందరికీ తెలిసిన రేసర్లలో ఒకరయ్యారు. ఆయనకు డబ్బుకు కొదవ లేదు. కావాలంటే విదేశీ కార్లు తెప్పించుకుని, కప్పులు గెలుచుకుని, జీవితమంతా అలాగే గడిపేయొచ్చు. కానీ ఆయన చూపు ఇంకోచోట పడింది. కసి, ప్రతిభ ఉన్న కుర్రాళ్లు గ్యాలరీలోనే ఉండిపోతున్నారు. వాళ్ల చేతికి అందే కారు ఒక్కటీ లేదు. మరి ఈ దేశం నుంచి రేసర్ ఎప్పుడు పుట్టాలి?

అదే టైంలో వచ్చింది మారుతి..

1983 డిసెంబర్‌లో మారుతి 800 రోడ్డెక్కింది. ధర అప్పట్లో 50 వేల రూపాయలకు అటూ ఇటూ. అంబాసిడర్ బరువు టన్నుకు పైనే ఉంటే, ఇది సుమారు 650 కిలోలు. మూడు సిలిండర్ల, 796 సీసీ ఇంజిన్. పవర్ సుమారు 40 హార్స్‌పవర్. చిన్న చక్రాలు, చిన్న బాడీ. చాలామంది దీన్ని ఆటబొమ్మలా చూశారు. కానీ కొన్నేళ్లలోనే దేశమంతా అదే కారు అయిపోయింది. 2014లో తయారీ ఆపేసేదాకా లక్షల కుటుంబాలకు అదే తొలి కారు.

మిగతావాళ్లు అందులో ఫ్యామిలీ కారును చూస్తే, కరి రేస్ కారును చూశారు. కారణాలు సింపుల్. ఇంజిన్ చిన్నది, తేలికైంది, నమ్మకమైంది. స్పేర్ పార్టులు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి. పాడైతే బాగుచేసే మెకానిక్‌లు సందుకొకరు ఉన్నారు. విదేశీ కారులో ఒక చిన్న పార్టు విరిగితే నెలల తరబడి ఎదురుచూడాల్సిన రోజులవి మరి.

కారును రేస్ కారుగా ఎలా మార్చారంటే..

1980ల చివర్లో కోయంబత్తూరులో ఫార్ములా మారుతి కారు తయారైంది. ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనిపించే అసలు సిసలు రేస్ కారు.

ఇందులో ఉన్న కిటుకు ఏంటో చూద్దాం. మారుతి 800లో ఇంజిన్ ముందు భాగంలో అడ్డంగా ఉంటుంది. గేర్‌బాక్స్ దానికే అతుక్కుని ఉంటుంది. రెండూ కలిసి ముందు చక్రాలను తిప్పుతాయి. అంటే ఇంజిన్, గేర్‌బాక్స్, చక్రాలకు వెళ్లే షాఫ్టులు అన్నీ ఒకే మూట. ఆ మూటను అలాగే విప్పి, డ్రైవర్ వీపు వెనకాల పెడితే? అదే ఇంజిన్ ఇప్పుడు వెనక చక్రాలను తిప్పుతుంది. ఫార్ములా వన్ కార్లలో ఇంజిన్ ఉండేది కూడా డ్రైవర్ వెనకే. కొత్త గేర్‌బాక్స్ చేయించే పని లేదు, కోట్ల ఖర్చు లేదు.

ఇక బాడీ. తలుపులు, అద్దాలు, టాప్, వెనక సీటు, డిక్కీ.. రేసుకు ఇవేవీ అక్కర్లేదు. అందుకే పాత బాడీని పూర్తిగా పక్కన పెట్టేశారు. ఉక్కు గొట్టాలను వెల్డింగ్ చేసి పంజరంలాంటి చాసిస్ కట్టారు. దాని మీద ఫైబర్‌గ్లాస్ తొడుగు వేశారు. డ్రైవర్ దాదాపు పడుకున్నట్టు, నేలకు జానెడు ఎత్తులో కూర్చుంటాడు.

తేలికైతే లాభమేంటి?

చిన్న లెక్క చూద్దాం. 650 కిలోల కారులో 40 హార్స్‌పవర్ ఇంజిన్ ఉంటే, టన్నుకు సుమారు 60 హార్స్‌పవర్ పడుతుంది. అదే ఇంజిన్‌ను 400 కిలోల కారులో పెట్టారనుకోండి, టన్నుకు 100 హార్స్‌పవర్! ఇంజిన్‌ను ముట్టుకోకుండానే కారుకు రెక్కలొస్తాయి.

అంతేకాదు. ఇంజిన్ పవర్ పెంచితే నేరుగా వెళ్లేటప్పుడే లాభం. బరువు తగ్గిస్తే మాత్రం వేగం అందుకోవడంలో, బ్రేక్ వేయడంలో, మలుపు తిరగడంలో.. అన్నింట్లో లాభమే. టైర్లు తక్కువ అరుగుతాయి. పెట్రోల్ తక్కువ తాగుతుంది. ఎడ్లబండికి ఎడ్లను మార్చకుండా బస్తాలు దించినట్టన్నమాట.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ రేసులో అందరికీ ఒకే రకం కారు. అక్కడ జేబు బరువుతో గెలవడం కుదరదు. మలుపులో ఎవరు ఎంత ఆలస్యంగా బ్రేక్ వేస్తారు, ఎంత శుభ్రంగా తిరుగుతారు అన్నదే తేలుస్తుంది. పైగా తక్కువ పవరున్న కారులో ఒక్క తప్పు చేసినా పోయిన వేగం తిరిగి రావడానికి చాలా టైం పడుతుంది. అందుకే ఇలాంటి చిన్న కార్లు కుర్రాళ్లకు మంచి గురువులు.

ఫలితం ఏంటంటే..

అదే సమయంలో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త రేస్ ట్రాక్ సిద్ధమైంది. రన్‌వే రోజులు పోయి, రేసుల కోసమే కట్టిన ట్రాక్ వచ్చింది. దాని మీద ఫార్ములా మారుతి కార్లు వరుసగా నిలబడ్డాయి.

కోయంబత్తూరుకే చెందిన నారాయణ్ కార్తికేయన్ తన మొదటి రేసు ఆడింది ఆ కారులోనే. మొదటి రేసులోనే పోడియం ఎక్కారు. నారాయణ్‌ది కూడా తెలుగు మాట్లాడే కుటుంబమే. తండ్రి జాతీయ ర్యాలీ చాంపియన్, కరివర్ధన్ ఆయనకు బంధువు. నారాయణ్ ఫ్రాన్స్‌లో రేసింగ్ స్కూల్‌లో శిక్షణ తీసుకుని వచ్చాక కూడా మళ్లీ ఫార్ములా మారుతిలోనే సాధన చేశారు. 2005లో జోర్డాన్ టీమ్ తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యారు. అదే ఏడాది అమెరికా గ్రాండ్ ప్రీలో నాలుగో స్థానంలో నిలిచి పాయింట్లు కూడా తెచ్చారు. టైర్ల గొడవతో చాలా టీమ్‌లు తప్పుకోవడంతో ఆ రోజు ఆరు కార్లే పోటీపడ్డాయి.

చెన్నైకి చెందిన కరుణ్ చందోక్ 2000లో ఫార్ములా మారుతి జాతీయ టైటిల్ గెలిచారు. పదేళ్ల తర్వాత, 2010లో ఆయన కూడా ఫార్ములా వన్ డ్రైవర్ అయ్యారు.

కానీ కరి చూడలేకపోయారు..

ఈ కథలో గుండె పిండేసే విషయం ఇదే. 1995 ఆగస్టులో కోయంబత్తూరులో జరిగిన విమాన ప్రమాదంలో కరివర్ధన్ ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి ఆయన వయసు 41. నేల మీద వేగంతో చెలగాటమాడిన మనిషిని ఆకాశం తీసుకెళ్లిపోయింది.

ఆయన నాటిన మొక్క కాయ కాసింది ఆ తర్వాతే. నారాయణ్ ఫార్ములా వన్ కారు ఎక్కేసరికి కరి పోయి పదేళ్లు. కరుణ్ టైటిల్ గెలిచేసరికి ఐదేళ్లు. తన కారులో నేర్చుకున్న కుర్రాళ్లు ప్రపంచ ట్రాక్‌ల మీద తిరుగుతుంటే చూసే అదృష్టం ఆయనకు దక్కలేదు.

ఆయన పోయినంత మాత్రాన ఆయన దారి ఆగిపోలేదు. కోయంబత్తూరులో అదే పద్ధతిలో ఫార్ములా ఎల్‌జీబీ కార్లు వచ్చాయి. వాటిలోనూ ఊళ్లో దొరికే మామూలు కార్ల ఇంజిన్లే. స్విఫ్ట్ ఇంజిన్‌తో నడిచే కార్లలో నేర్చుకుని జాతీయ పోటీలకు వెళ్లిన కుర్రాళ్లు ఎందరో.

2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2.1 కిలోమీటర్ల రేస్ ట్రాక్ మొదలైంది. దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు. ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా కారు తయారుచేసుకుని తెచ్చి పోటీపడే ఫార్ములా భారత్‌కు ఆ ట్రాకే వేదికైంది. వెల్డింగ్ మరకలు అంటిన చేతులతో, కిలో కిలో తగ్గించడానికి తంటాలు పడే పిల్లలు ఇప్పుడు కరి పేరున్న గేటులోంచే లోపలికి వెళ్తున్నారు.

మన కుర్రాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది..

ఇప్పుడు మన ఊళ్లలో పాత మారుతి 800లు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. వీడియోలు చూసి సైలెన్సర్ కోసేయడం, సీట్లు పీకేయడం, రోడ్డు మీద పోటీలు పెట్టుకోవడం కొందరికి సరదా అయిపోయింది. ఇది కరి చూపిన దారి కాదు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. పట్టుబడితే కేసే. అంతకన్నా పెద్ద సమస్య ప్రాణాలది. బాడీ కోసేసిన కారులో గుద్దుకుంటే కాపాడే గోడ ఉండదు. రేస్ కారులో తలుపులు తీసేసినా, దాని బదులు ఉక్కు పంజరం ఉంటుంది. గట్టి బెల్టులు, హెల్మెట్, మంటలంటని డ్రెస్, పక్కనే అంబులెన్స్ ఉంటాయి. ఎదురుగా బడి నుంచి వచ్చే పిల్లలు, మేకల మంద ఉండవు.

నిజంగా ఆసక్తి ఉంటే దారులున్నాయి. దేశంలో మోటార్ రేసులను చూసుకునే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సులు ఇస్తుంది. చెన్నై, కోయంబత్తూరు ట్రాక్‌ల మీద శిక్షణ దొరుకుతుంది. కుప్పం నుంచి రెండు ఊళ్లకూ రైలుంది.

ఖరీదైన కారు లేకపోతే రేసర్ కాలేమని అందరూ అనుకున్న రోజుల్లో, సందులో నిలబడ్డ మారుతి 800 చాలని చేసి చూపించారు కరివర్ధన్. ఇంకోసారి రోడ్డు పక్కన దుమ్ము కొట్టుకుపోయిన పాత 800 కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడండి. ఇద్దరు భారతీయులను ఫార్ములా వన్ దాకా తీసుకెళ్లిన ఇంజిన్ ఆ బానెట్ కిందే ఉంది.