రహీం సాహెబు

హైదరాబాదు నగరంలో ఒకప్పుడు పోలీసుశాఖ కొలువుకు, ఫుట్‌బాల్ ఆటకు విడదీయరాని బంధం ఉండేది. పగలు యూనిఫారం తొడుక్కొని డ్యూటీ చేసే కానిస్టేబుళ్లు సాయంకాలం మైదానంలో దిగితే, వారిని చూడటానికి జనం గోడలెక్కి కూర్చునేవారు. ఆ జట్టు పేరు హైదరాబాదు సిటీ పోలీస్. కలకత్తాలోని పెద్ద పెద్ద క్లబ్బులను ఎదిరించి, దేశంలోని గొప్ప కప్పులను దక్కనుకు తెచ్చిన జట్టు అది. దానిని తీర్చిదిద్దిన వ్యక్తి మాత్రం పోలీసు కాదు. ఆయన బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరూ ఆయనను రహీం సాహెబు అని పిలిచేవారు.

రహీం 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని, ఆ విశ్వవిద్యాలయం జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. చదువు ముగిశాక ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. కాచిగూడ మిడిల్ స్కూలులోను, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటపాటల బాధ్యత కూడా తీసుకున్నారు. ఆయన జీవితంలోని ఈ భాగాన్ని చాలామంది రెండు మాటలలో దాటవేస్తారు. కాని తరువాత ఆయన చేసిన పనికంతటికీ పునాది ఇక్కడే పడింది. ఒక తరగతిలో నలభైమంది పిల్లలుంటే నలభై రకాల బుద్ధులుంటాయి. ఎవరికి ఏది రాదో కనిపెట్టి, అది వచ్చేదాకా ఓపికతో నేర్పించటం ఉపాధ్యాయుని పని. రహీం మైదానంలో చేసినదీ అదే.

ఆ రోజులలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. 1911లో మోహన్ బాగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అనే ఆంగ్ల సైనిక దళాన్ని 2–1 గోల్స్‌తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలుచుకొన్నది. దాదాపు ఆ జట్టు ఆటగాళ్లందరూ వట్టి కాళ్లతో ఆడినవారే. పాలకులను వారి ఆటలోనే ఓడించవచ్చునన్న సంగతి ఆనాడు దేశమంతటికీ తెలిసింది. తరువాత మొహమ్మడన్ స్పోర్టింగ్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులు కూడా పేరు పొందాయి. దక్షిణాదిన మొదట మేల్కొన్నది బెంగుళూరు. 1937లోను, 1938లోను బెంగుళూరు ముస్లిమ్స్ అనే జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. అంతకు ముందు ఆ కప్పు భారతీయ జట్టు చేతికి చిక్కనే లేదు.

ఇరుగుపొరుగు ఇంటిలో పెళ్లి జరిగితే మన ఇంటికీ సున్నం కొట్టించాలనిపిస్తుంది. హైదరాబాదువారికి కూడా అలాంటి కోరిక కలిగింది. 1943లో హైదరాబాదు పోలీసు జట్టు బెంగుళూరు వెళ్లి ఆష్ గోల్డ్ కప్ పోటీలో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది. ఇంగ్లండు క్రికెట్ వీరుడు, మంచి ఫుట్‌బాల్ ఆటగాడు అయిన డెనిస్ కాంప్టన్ ఆ సైనిక జట్టులో ఉన్నాడు. ఈ గెలుపుతో హైదరాబాదు పేరు బయటి ఊళ్లలో వినిపించసాగింది. అయితే ఒక్క గెలుపు వేరు, ఏటేటా గెలవటం వేరు. 1949–50లో సంతోష్ ట్రోఫీ ఫైనల్ పోటీలో హైదరాబాదు జట్టు బెంగాల్ చేతిలో ఓడిపోయింది. మరుసటి సంవత్సరం కూడా ఫైనల్ చేరి, మళ్లీ బెంగాల్ చేతిలోనే ఓడింది.

పైవారిని అందుకోవాలంటే రెండు దారులు ఉన్నాయి. డబ్బు పోసి వారి ఆటగాళ్లనే తెచ్చుకోవటం ఒకటి. తమ పిల్లలకే వారికన్న బాగా ఆడటం నేర్పటం రెండవది. మొదటి దారిలో ఫలితం త్వరగా కనిపిస్తుంది. రెండవ దారికి ఏళ్లు పడతాయి. హైదరాబాదువారు రెండవ దారి పట్టారు. పోలీసుశాఖ చురుకైన కుర్రవాళ్లకు ఉద్యోగాలిచ్చింది. ఆడుకొనేవానికి నెల తిరిగేసరికి జీతం అందుతుందన్న ధైర్యం ఉంటే, మనసు ఆట మీద నిలుస్తుంది. అప్పటికే హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్న రహీం 1950లో పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. సంఘం, జట్టు రెండూ ఒకే మనిషి ఆలోచన ప్రకారం నడవటం వల్ల బస్తీ కుర్రవాడు మొదలుకొని రాష్ట్ర జట్టు ఆటగాని వరకు అందరికీ ఒకే రకమైన శిక్షణ అందింది. నిర్వహణ అంటే లెక్కలు వ్రాయటం, టిక్కెట్లు అమ్మటం మాత్రమే కాదని ఆయన చేసి చూపారు.

ఆయన నేర్పిన పద్ధతులు విచిత్రంగా ఉండేవి. బంతిని కాలితో అటూ ఇటూ ఆడిస్తూ ఎదుటివానిని తప్పించుకొని పోవటాన్ని డ్రిబ్లింగ్ అంటారు. చూడటానికి అది ముచ్చటగా ఉంటుంది, చప్పట్లు కూడా దానికే ఎక్కువ. రహీం మాత్రం డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే మరొకరికి అందించివేయాలి, రెండవసారి తాకకూడదు. కుడికాలు వాటం ఉన్నవారు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు కూడా ఉండేవి. కుడిచేతి వాటం ఉన్న పిల్లవానికి ఎడమచేత్తో పలక మీద అక్షరాలు దిద్దమంటే ఎలా ఉంటుందో, మొదట్లో ఆటగాళ్లకు అలాగే ఉండేది. నెలల తరబడి సాధన చేసేసరికి రెండు కాళ్లూ సమానంగా పలికేవి. హైదరాబాదు ఆటగాళ్లలో చాలామంది పొట్టివారు, బక్కపలచనివారు. బలంతో గుద్దుకొని ఆడే ఆట వారికి కుదరదు. కనుక బంతిని నేల మీదనే ఉంచి, పొట్టి పొట్టి పాసులతో వేగంగా ముందుకు తీసుకుపోవటం వారికి నేర్పారు. కలకత్తావారి ఆటను చూసి అచ్చంగా దించుకొని ఉంటే ఈ పద్ధతి పుట్టేది కాదు.

ఫలితం ఆ సంవత్సరమే కనిపించింది. 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో హైదరాబాదు సిటీ పోలీస్ మోహన్ బాగాన్‌తో తలపడింది. మొదటి రోజు ఆట డ్రా అయింది. తిరిగి ఆడినప్పుడు పోలీసులు 1–0 గోల్స్‌తో గెలిచారు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు రోవర్స్ కప్పు హైదరాబాదుదే. డ్యూరాండ్ కప్పును 1954లోను, 1957లోను మళ్లీ గెలిచారు. ఆంధ్రా పోలీస్ అని పేరు మారిన తరువాత 1961లో మరొకసారి మోహన్ బాగాన్‌ను ఓడించి అదే కప్పు తెచ్చారు. 1956–57, 1957–58 సంవత్సరాలలో సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాదుకే దక్కింది. రెండుసార్లూ ఓడినవారు బొంబాయివారు.

ఇక కలకత్తా క్లబ్బులు ఊరుకుంటాయా? నిన్నటి వరకు ఎవరిని చూసి హైదరాబాదు ఎదగాలనుకొన్నదో, ఇప్పుడు వారే హైదరాబాదు వైపు చూడసాగారు. కాని వారు రహీం పద్ధతిని తీసుకుపోలేదు, ఆయన తయారుచేసిన ఆటగాళ్లను తీసుకుపోయారు. తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. లతీఫ్, అహ్మద్ హుస్సేన్ వంటివారు కూడా కలకత్తా క్లబ్బుల బాట పట్టారు. పేదయింటి పిల్లలు నాలుగు డబ్బులు వచ్చే చోటికి పోవటం తప్పు కాదు. కాకపోతే పండిన చేను కోసుకుపోవటం సులభం, విత్తనం వేసేవారు వేరే ఉండాలి. విత్తనం వేయటం ఎవరు మానివేసినా అందరి గాదెలూ ఖాళీ అవుతాయన్న సంగతి అప్పుడు క్లబ్బుల పెద్దలకు తోచలేదు.

బలరాం కథ ఇక్కడ చెప్పుకోదగినది. అతడు సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో 1936లో పుట్టాడు. ఏదో మైదానంలో ఆడుతుండగా రహీం కంటపడ్డాడు. శిక్షణ కోసం హైదరాబాదు రమ్మంటే, రావటానికి అతని వద్ద డబ్బు లేదు. రహీం అద్దె సైకిలు కోసం తన జేబులో నుంచి డబ్బు ఇచ్చారని బలరాం తరువాతి కాలంలో చెప్పుకొనేవాడు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రవాడే రెండు ఒలింపిక్ పోటీలలో భారతదేశం తరపున ఆడాడు. రహీం శిబిరంలో ఉర్దూ, తెలుగు, తమిళం, ఇంగ్లీషు కలగలిసి వినిపించేవి. ధర్మపురి జిల్లాలోని మహేంద్రమంగళం వంటి ఊళ్లలో ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే పిల్లలకు ఇది కొత్త కాదు. హైదరాబాదులోనే పుట్టిన పీటర్ తంగరాజ్ సైన్యంలో చేరి, నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకు గోల్ కీపర్ అయ్యాడు. ఆ జట్టు 1955లోను, 1958లోను డ్యూరాండ్ కప్పు గెలుచుకొన్నది.

రహీం ప్రతిభ దేశమంతటికీ ఉపయోగపడింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలో భారత జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణ పతకం పొందింది. మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం ఘోర పరాజయం ఎదురైంది. యుగోస్లావియా 10–1తో ఓడించింది. మన ఆటగాళ్లలో చాలామంది ఆ చలిలో వట్టి కాళ్లతోనే ఆడారు. 1911లో గర్వకారణమైన వట్టి కాళ్లే 1952లో మన వెనుకబాటుకు గుర్తుగా మిగిలాయి. ఆ తరువాత బూట్లు తప్పనిసరి చేశారు.

ఓడినవారు సాధారణంగా తీర్పరినో, వాతావరణాన్నో నిందిస్తారు. రహీం గెలిచినవారిని గమనించారు. 1953లో హంగేరీ జట్టు ఇంగ్లండును లండన్‌లోనే 6–3తో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. ముందు వరుసలో మధ్య నిలవవలసిన ఆటగాణ్ణి కాస్త వెనుకకు జరిపి, ఎదుటి రక్షకులను తికమకపెట్టటం వారి కిటుకు. రహీం ఆ ఆలోచనను మన ఆటగాళ్ల శక్తికి తగినట్లు మలచుకొన్నారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మొదటి పోటీ హంగేరీతోనే జరగవలసి ఉండగా వారు తప్పుకొన్నారు. తరువాత మనవారు ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డ మీద 4–2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఈ ఘనత సాధించిన మొదటి ఆసియా ఆటగాడు అతడే. సెమీఫైనల్‌లో మళ్లీ యుగోస్లావియా ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే. చివరకు 4–1తో ఓడినా, నాలుగేళ్ల క్రితపు పదింటి లెక్కతో పోల్చితే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. కాంస్య పతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా గెలిచింది. భారతదేశం నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన స్థానం మనకు దక్కలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీతో 2–1తో ఓడి, ఫ్రాన్సుతో 1–1తో డ్రా చేసుకొని, పెరూ చేతిలో ఓడి మనవారు ఇంటికి తిరిగివచ్చారు. రహీం కుమారుడు హకీం కూడా ఆ జట్టులో సభ్యుడే. కాని అతనికి మైదానంలో దిగే అవకాశం రాలేదు. తండ్రి శిక్షకుడైనంత మాత్రాన కొడుకుకు చోటు దొరకాలన్న నియమం రహీం వద్ద లేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుతున్నారు. దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అయినా జట్టు వెంట వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. తరువాత థాయిలాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో ఓడించారు గాని, థాయిలాండ్ ఆటలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతడు వెనుక వరుసలో కోటగోడ వంటివాడు. ఆ తలతో బంతిని అడ్డుకోవటం ప్రమాదం. వేరే శిక్షకుడైతే అతణ్ణి కూర్చోబెట్టేవాడు. రహీం అతణ్ణి ముందు వరుసకు మార్చి ఫార్వర్డుగా ఆడించారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచిన ఆటలో ఒక గోల్ జర్నైల్‌దే.

ఫైనల్ ముందురోజు రాత్రి ఆటగాళ్లను దగ్గర కూర్చోబెట్టుకొని, రేపు తనకు బంగారు పతకం కానుకగా ఇమ్మని రహీం అడిగారని ఆనాటి ఆటగాళ్లు చెప్పుకొంటారు. సెప్టెంబరు 4వ తేదీన సెనాయన్ స్టేడియం దాదాపు లక్షమందితో నిండిపోయింది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానివ్వకపోవటాన్ని భారతీయుడైన క్రీడాధికారి జి.డి. సోంధి విమర్శించినందున అక్కడి జనం మన జట్టు మీద కోపంతో ఉన్నారు. మనవారి కాలికి బంతి తగిలితే చాలు, హేళన మొదలయ్యేది. ఎదుట ఉన్నది మొదటి ఆటలో తమను ఓడించిన కొరియా జట్టే. రహీం ఆ రోజు గోల్ వద్ద తంగరాజ్‌ను నిలబెట్టారు. పి.కె. బెనర్జీ మొదటి గోల్ చేశాడు. తలకు కట్టు కట్టుకొని ఆడిన జర్నైల్ సింగ్ రెండవది చేశాడు. కొరియా ఒక గోల్ చేయగలిగింది. చుని గోస్వామి నాయకత్వంలోని భారత జట్టు 2–1తో గెలిచి స్వర్ణ పతకం అందుకొన్నది.

ఆ తరువాత రహీం ఎక్కువ కాలం బ్రతకలేదు. 1963వ సంవత్సరం జూన్ 11వ తేదీన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడేళ్లు. ఆయన లేకుండానే ఆ సంవత్సరం ఆంధ్రా పోలీసులు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలుచుకొని వచ్చారు. తరువాత 1965–66లో సంతోష్ ట్రోఫీ కూడా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఆ పైన హైదరాబాదు మైదానాలలో ఆట క్రమంగా తగ్గిపోయింది. జకార్తా తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఇంతవరకు మరొక స్వర్ణ పతకం రాలేదు.