చిలకమర్తి లక్ష్మీనరసింహము

చీరాలకు చేరువను వేటపాలెమను ఊరు కలదు. ఊరిలో మగ్గముల చప్పుడు, ఒక దిక్కున సముద్రము, కొంత దూరము పోయినచో ప్రత్తి చేలు, మిరప తోటలు. 1918వ సంవత్సరమున ఆ ఊరి యువకులు ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠిగారి పూనికతో అచట నొక గ్రంథాలయమును స్థాపించిరి. అదియే సారస్వత నికేతనము. దాని భవనమునకు 1929లో మహాత్మాగాంధీ శంకుస్థాపన చేసిరి. పాతకాలపు తెలుగు పత్రికలను, గ్రంథములను చూడగోరువారు నేటికిని దూరప్రాంతములనుండి అచటికి పోవుచుందురు.

ఊరూర నిట్టి గ్రంథాలయములు వెలయవలెనన్నచో ప్రజలకు చదువవలెనను కోరిక ముందుగా పుట్టవలెను. ఆ కోరికను పుట్టించుటకు కథను మించిన సాధనము లేదు. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగమున తెలుగులో నవల యనునది ఇంకను పాదుకొనలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో వెలువడ నారంభించెను. ఆ తరువాతి తరమున తెలుగువారికి నవల రుచి చూపినవారిలో అగ్రగణ్యులు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. వేలకొలది జనులకు పుస్తకపఠనము నలవరచిన ఆ రచయిత, ప్రొద్దుగుంకిన పిమ్మట తాము ఒక్క అక్షరమైనను చదువలేకుండిరి.

లక్ష్మీనరసింహముగారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన గోదావరీ మండలమునందలి ఖండవల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి వెంకన్నగారు, తల్లి వెంకటరత్నమ్మగారు. వారి స్వస్థలము వీరవాసరము. బాల్యమునుండియు ఆయనకు రేచీకటి యుండెను. పగటి వెలుగున కొంతవరకు కనబడును గాని, చీకటి పడినంతనే చూపు ఆనదు. ఆ దినములలో విద్యుద్దీపములు లేవు. విద్యార్థులు ఆముదపు దీపముల వెలుగున పాఠములు వల్లించుచుండిరి. ఆ మసక వెలుగు లక్ష్మీనరసింహముగారి కేమాత్రమును ఉపకరింపలేదు. తోటివారు పైకి చదువుచుండగా ఆయన ప్రక్కన కూర్చుండి వినుచుండిరి. విన్నదానిని మరల పుస్తకమున చూచి సరిదిద్దుకొను వీలు లేనందున, చెవిని పడిన మాటను ఒక్కసారికే మనస్సున నిలుపుకొనవలసి యుండెను. ఈ విధముగా ఆయన వీరవాసరమునను, నరసాపురమునను, రాజమహేంద్రవరమునను చదివి 1889లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులైరి. కంటికున్న లోపము ఆయన జ్ఞాపకశక్తికి నిత్యసాధనమయ్యెను.

ఆ కాలమున రాజమహేంద్రవరమునందు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు నాటకములాడించుచుండిరి. వారు అంతకు పూర్వము ఒంగోలులో పనిచేసినవారు. అచట తమ శిష్యుడైన టంగుటూరి ప్రకాశము అను పేదబాలుని చదువుకొఱకై తమ వెంట రాజమహేంద్రవరమునకు తోడ్కొని వచ్చిరి. తరువాతి కాలమున ఆంధ్రకేసరి యని పేరొందిన ప్రకాశము పంతులుగారు ఆ బాలుడే. నాటక సమాజమునకు క్రొత్త నాటకములు కావలసి వచ్చినప్పుడు నాయుడుగారి కోరికపై లక్ష్మీనరసింహముగారు రచనకు పూనుకొనిరి. 1889లో కీచకవధ యను వచననాటకమును రచించిరి. పిదప వెలువడిన గయోపాఖ్యానము ఆంధ్రదేశమంతటను ప్రదర్శింపబడెను. శరణుజొచ్చిన గయుని కాపాడుటకై అర్జునుడు శ్రీకృష్ణునితోనే పోరాడుట అందలి కథ. ఆ పుస్తకము లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయినది. ప్రకాశముగారు యౌవనమున ఈ నాటకములలో వేషములు ధరించిరి.

నాటకకర్తగా పేరు వచ్చిన పిమ్మట ఆయన దృష్టి నవలవైపునకు మరలెను. న్యాపతి సుబ్బారావు పంతులుగారు నడపిన చింతామణి యను పత్రిక నవలల పోటీలు పెట్టి బహుమతు లిచ్చుచుండెను. తెలుగు నవల వేరూనుటకు ఆ పోటీలు మిక్కిలి తోడ్పడినవి. లక్ష్మీనరసింహముగారి రామచంద్ర విజయము 1894లో ఆ బహుమతిని పొందెను. ఆ నవల సమకాలపు సంఘమును గూర్చినది. దాని తరువాత ఆయన పూర్వకాలపు వీరగాథల నెన్నుకొనిరి. హేమలత, అహల్యాబాయి, కర్పూరమంజరి యను నవలలు ఒకదాని వెంట నొకటి వెలువడినవి.

ఈ గాథలకు మూలమెయ్యది? కర్నల్ టాడ్ అను ఆంగ్లేయోద్యోగి రాజపుత్రస్థానమున పెక్కేండ్లు నివసించి, అచటి చారణులు పాడు వీరగాథలను సేకరించి, 1829లోను 1832లోను రెండు సంపుటములుగా గొప్ప గ్రంథమును ప్రకటించెను. భారతదేశమునందలి అనేక భాషల రచయితలకు అది గని వంటిదయ్యెను. లక్ష్మీనరసింహముగారు దానినుండి కథలను గ్రహించి రాజస్థాన కథావళి యను పేర తెలుగువారి కందించిరి. హేమలత నవలయందలి కథ అల్లాఉద్దీను ఖిల్జీ కాలమున చితోడు నగరముతో ముడిపడి నడచును. ఈ చితోడు రాజపుత్రులకోట. మన రాయలసీమలోని చిత్తూరు కాదు. అహల్యాబాయి నవలకు నాయిక పదునెనిమిదవ శతాబ్దమున మాళవదేశమును ధర్మముతో పాలించిన హోల్కరు వంశపు రాణి.

చదువరులు ఇచట నొక విషయమును గుర్తింపవలెను. చారిత్రక నవల చరిత్ర గ్రంథము కాదు. అల్లాఉద్దీను 1303లో చితోడు కోటను పట్టుకొనుట చరిత్ర. ఆ ముట్టడిని గూర్చి చారణులు పాడిన కథలలో పెక్కింటిని తరువాతి చరిత్రకారులు నిజములుగా అంగీకరింపలేదు. రచయిత చరిత్రనుండి కాలమును, స్థలమును, ప్రసిద్ధ పురుషులను గైకొని, తన కల్పనచే ప్రేమను, సాహసమును, ఆపదలను, అద్భుతములను జోడించును. స్కాట్లండున సర్ వాల్టర్ స్కాట్ ఈ మార్గమున లోకవిఖ్యాతి గాంచెను. అందుచేతనే లక్ష్మీనరసింహముగారిని జనులు ఆంధ్ర స్కాట్ అని కొనియాడిరి.

ఆయన రచన సాగించిన తీరు విశేషమైనది. జీవనోపాధికై పగలు పాఠశాలలో బోధింపవలెను. గ్రంథరచనకు తీరిక చిక్కునప్పటికి వెలుగు తగ్గును, చూపు మందగించును. కావున తాము చెప్పుచుండ ఇతరులచే వ్రాయించు పద్ధతి ఆయన కలవడెను. వయస్సు ముదిరిన కొలది చూపు మరింత క్షీణించి, తుదకు పూర్తిగా పోయెను. అప్పుడు ఆ పద్ధతియే ఆయనకు ఏకైక ఆధారమయ్యెను. ఇట్లు చెప్పి వ్రాయించుట తేలికైన పని కాదు. కలము చేతనున్నవాడు వ్రాసిన పుటను త్రిప్పి చూచుకొనును. ఇష్టము లేని పంక్తిని కొట్టివేయును. చూపు లేనివాడు ప్రకరణమంతటిని మనస్సున నిలుపుకొని, ఏ పాత్ర ఎచట నున్నదో, ఏ మాట ముందు చెప్పబడినదో మరువక కథను నడపవలెను. పైగా వ్రాయువానికి తీరిక యున్నంత సేపే తన పని సాగును. ఎదుటివాడు వినుచు వ్రాయుచుండగా పుట్టిన వచనము గనుకనే కాబోలు, ఆయన శైలి వినుటకు ఇంపుగా, చిక్కులు లేక సాగును.

ఇతర దేశములందును ఇట్టి రచయితలు కలరు. ఆంగ్లకవి మిల్టను 1652 నాటికి అంధుడై, పరులచే వ్రాయించిన మహాకావ్యమును 1667లో, అనగా లక్ష్మీనరసింహముగారి జననమునకు సరిగా రెండువందల యేండ్లకు పూర్వము, ప్రకటించెను. స్కాట్ సైతము వ్యాధిపీడితుడై 1819లో తన ప్రసిద్ధ నవల ఐవాన్‌హోలో అధికభాగమును చెప్పి వ్రాయించెను. మన లక్ష్మీనరసింహముగారికి ఆంధ్ర మిల్టను అను ప్రశస్తియు కలదు.

వినికిడి చేతను, జ్ఞాపకశక్తి చేతను ఆయన సాధించిన నైపుణ్యము 1907లో ఆంధ్రులకెల్ల తెల్లమయ్యెను. వందేమాతరోద్యమ నాయకుడు బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చి ఆంగ్లమున ఉపన్యసింపగా, లక్ష్మీనరసింహముగారు విని ఆ ప్రసంగమును తెలుగున వినిపించిరి. ఆ సందర్భమున ఆయన ఆశువుగా నొక పద్యమును చెప్పిరి. భారతదేశమును పాడియావుతోను, దేశప్రజలను ఆకలిగొన్న లేగదూడలతోను, మూతులు బిగగట్టి పాలు పిండుకొను గొల్లలతో తెల్లవారిని పోల్చిన పద్యమది. అది నోటినుండి నోటికి ప్రాకి దేశమంతట మారుమ్రోగెను.

తాము చదువుకొఱకు పడిన శ్రమను మరువని లక్ష్మీనరసింహముగారు, చదువునకు దూరముగా నుంచబడినవారిని గూర్చి ఆలోచించిరి. ఆ కాలమున పంచములని పేర్కొనబడిన దళితుల బిడ్డలను పాఠశాలలలో చేరనిచ్చుట అరుదు. 1909లో ఆయన వారికొఱకు రామమోహనరాయల పేర నొక పాఠశాలను నెలకొల్పి, పెక్కేండ్లు కష్టనష్టముల కోర్చి నడపిరి. మనోరమ, దేశమాత యను పత్రికలను నిర్వహించిరి. హాస్యరసమునకు ఆకరమైన గణపతి నవలను రచించిరి. తరువాతి కాలమున రేడియో నాటకమై అది ఇంటింట నవ్వులు పండించెను. సంస్కృతమునందలి భాసుని నాటకములను తెనిగించిరి.

వార్ధక్యమున, 1942 ప్రాంతమున, ఆయన స్వీయచరిత్రమును చెప్పి వ్రాయించిరి. అప్పటి కాయనకు డెబ్బదియైదేండ్లు. ఏండ్ల కొలది పూర్వము చూచిన ఊళ్లు, కలిసిన మనుష్యులు, నాటకములు, సభలు అన్నియు జ్ఞాపకమునుండియే వెలికి వచ్చినవి. ఆ గ్రంథము నేడు ఆనాటి గోదావరీ మండల జీవితమును తెలిసికొనుటకు గొప్ప ఆధారము. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1946వ సంవత్సరము జూన్ 17వ తేదీన లక్ష్మీనరసింహముగారు స్వర్గస్థులైరి.

బాల్యమున తోటి విద్యార్థులు చదివి వినిపింపకున్నచో ఆయనకు విద్య లేదు. పెద్దతనమున లేఖకులు వ్రాసిపెట్టకున్నచో ఆయన గ్రంథములు లేవు. ఆ సాయమును ఆయన వ్యర్థము చేయలేదు. విన్నది మరువక, చెప్పదలచినది విడువక, ఏబది యేండ్లకు పైగా రచన సాగించిరి. పరులు చదువగా విని నేర్చిన ఆ విద్యార్థి, తెలుగువారు తమంత తాము చదువుకొని ఆనందించుటకు ఒక గ్రంథాలయమునకు చాలినన్ని పుస్తకములను మిగిల్చి పోయిరి.