గుంటూరు డాక్టరమ్మ



2020లో కరోనా వచ్చిన రోజులు మీకు గుర్తున్నాయి కదా! మీ ఇంట్లోనో పక్కింట్లోనో నిండు చూలాలు ఉండి ఉంటే ఆ భయం ఇంకా బాగా గుర్తుండి ఉంటుంది. బస్సులు లేవు. ఆసుపత్రికి వెళితే జబ్బు అంటుకుంటుందేమోనని పెద్దవాళ్లు వెనకాడేవారు. నెలనెలా చేయించుకోవలసిన పరీక్షలు ఎందరికో తప్పిపోయాయి. మన్యం నుంచి నర్సీపట్నానికి కాన్పుకు దిగివచ్చే తల్లులకు మామూలు రోజుల్లోనే దారి కష్టం. ఇక ఆ రోజుల సంగతి చెప్పాలా? భయం ముందు వాకిట్లో ఉంటే వైద్యం పెరటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఈ సందర్భంలో మనం తలచుకోవలసిన మహనీయురాలు డాక్టర్ మేరీ గ్లౌరీ. ఆమె 1887లో ఆస్ట్రేలియాలో జన్మించారు. 1910లో మెల్‌బోర్న్‌లో వైద్యపట్టా పొందారు. ఆనాటి భారతదేశంలో పురుష వైద్యుల వద్దకు వెళ్లలేక ఎందరో తల్లులు, బిడ్డలు చనిపోతున్నారని 1915లో ఒక చిన్న పుస్తకంలో చదివారు. మంచి ప్రాక్టీసు, పేరు ఉన్నా ఆమె మనసు ఇటు తిరిగింది.

1918-19లో ఇన్‌ఫ్లుయెంజా లోకాన్ని చుట్టుముట్టింది. మన దేశంలోనే కోటిమందికి పైగా చనిపోయారు. ఆ జబ్బు గర్భవతులకు మరీ ప్రాణాంతకమైంది. 1919లో అది మెల్‌బోర్న్‌నూ తాకింది. అదే సంవత్సరం ఆమె ప్రసూతి, స్త్రీవ్యాధులు, నేత్రవైద్యాలలో ఎం.డి. పూర్తి చేశారు. 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, యేసు మరియ యోసేపు సభలో కన్యస్త్రీ అయ్యారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కన్యస్త్రీలు వైద్యం చేయడాన్ని, ముఖ్యంగా కాన్పులు చేయడాన్ని, ఆనాటి శ్రీసభ నియమాలు అనుమతించేవి కావు. 15వ బెనడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. ఆ నియమం అందరికీ సడలింది 1936లో మాత్రమే. నియమాన్ని గౌరవిస్తూనే, తల్లి ప్రాణం కోసం తలుపు తట్టవచ్చునని ఆమె జీవితం మనకు చూపింది.

చిన్న వైద్యశాలగా ఉన్నది ఆమె చేతులమీదుగా సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా పెరిగింది. ఆమె రోగుల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు, పల్లెలకు వెళ్లారు. స్థానిక స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957 మే 5న బెంగళూరులో క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

కరోనా రోజుల్లో మేము గుడి తలుపులు మూశాము. అది సరైన పనే. కాని మా విచారణలో ఏ ఇంట్లో గర్భవతి ఉందో నేను అడిగి తెలుసుకోలేదు. ఆ లోటు నాదే.

మీరు ఆ పొరపాటు చేయకండి. మరో జబ్బు వచ్చేదాకా ఆగవద్దు. మీ వీధిలో నెలలు నిండుతున్న తల్లి ఎవరో, రాత్రివేళ నొప్పులు వస్తే తోడు వెళ్లేది ఎవరో, బండి ఎవరిదో ఈ వారమే అడిగి తెలుసుకోండి. సముద్రాలు దాటి వచ్చిన ఆ డాక్టరమ్మను తలచుకుని మనం కనీసం వీధి దాటలేమా?