అడవికి లెక్క నేర్పిన సర్ డైట్రిచ్ బ్రాండిస్

మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు పుట్టినవాళ్లకు అడవితో పరిచయం తక్కువ. మనకు తెలిసినవి నల్లరేగడి చేలు, పత్తి, బండరాళ్ల గుట్టలు, వానలు లేని ఏడు సుగ్గికి పోయే అమ్మానాన్నలు. అడవి చూడాలంటే ఆత్మకూరు దాటి నల్లమలకు పోవాలి. ఎండాకాలంలో శ్రీశైలం బస్సులో పోతుంటే దారి పక్కన కొన్నిచోట్ల గడ్డి కాలిన నల్లటి చార కనిపిస్తుంది. ఎవరో అడవికి నిప్పు పెట్టారనుకుంటాం. కానీ చాలాసార్లు అది అడవిని కాపాడడానికి ఫారెస్టు వాళ్లు ముందే కాల్చి ఉంచిన అగ్నిరేఖ. రేపు ఎక్కడైనా మంట లేస్తే ఆ చార దగ్గరికి వచ్చి ఆగాలని వారి ఉద్దేశం. ఇటువంటి పనిని మన దేశంలో ఒక ప్రభుత్వ శాఖ బాధ్యతగా నిలబెట్టినవారిలో ముందు చెప్పవలసిన పేరు సర్ డైట్రిచ్ బ్రాండిస్.

బ్రాండిస్ 1824 మార్చి 31న జర్మనీలోని బాన్ నగరంలో జన్మించారు. వృక్షశాస్త్రం చదివి, 1849 నుండి బాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఆయన భార్య రేచెల్ సేరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ కుమార్తె. ఆ బంధుత్వం ద్వారా ఆయన పేరు గవర్నర్ జనరల్ డల్హౌసీ దాకా వెళ్లింది. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవులకు సూపరింటెండెంటుగా వచ్చారు.

అప్పట్లో ఓడలకు, తర్వాత రైలు పట్టాల కింది స్లీపర్లకు కలప కావాలి. కలప వ్యాపారులు దొరికిన టేకునల్లా నరుకుతున్నారు. అడవిలో ఎన్ని చెట్లున్నాయో, ఏటా ఎన్ని కొట్టవచ్చో ఎవరికీ తెలియదు. బ్రాండిస్ ముందు లెక్క తీయాలనుకున్నారు. ఏనుగు మీద వెళ్తూ, ఆ వానల్లో కాగితం పనికిరాక, ఎడమ చేతిలో నాలుగు కర్ర ముక్కలు పట్టుకున్నారు. ఒక్కో ముక్క ఒక్కో లావు చెట్టుకు గుర్తు. దారి వెంట టేకు చెట్టు కనిపించినప్పుడల్లా కుడి చేతిలోని చాకుతో ఆ ముక్క మీద ఒక గాటు పెట్టేవారు. నెలల తరబడి అలా తిరిగి, ఏటా ఎన్ని చెట్లు నరికే లావుకు వస్తాయో తేల్చారు. అంతకు మించి కొట్టరాదని నియమం పెట్టారు. వడ్డీ మాత్రం తిని అసలును దాచుకున్నట్టు ఉంటుంది ఆ పద్ధతి. కోతకు వచ్చిన పెద్ద చెట్టును తీస్తారు, దాని కింద పెరిగేదాన్ని కాపాడుతారు.

అక్కడి కరెన్ తెగవారు పోడు చేసుకునేవారు. వారిని వెళ్లగొట్టకుండా, పోడు పంటతో పాటే టేకు మొక్కలు నాటించే పద్ధతిని ఆయన ప్రోత్సహించారు. దీనినే తౌంగ్యా అంటారు.

ఈ పని చూసి ప్రభుత్వం ఆయనను మన దేశానికి పిలిపించింది. 1864లో భారత అటవీ శాఖ మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. ఆయన కాలంలోనే 1865 అటవీ చట్టం, 1878 అటవీ చట్టం వచ్చాయి. 1878లోనే డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల మొదలైంది. మధ్య పరగణాలలోని బోరీ అడవిలో కల్నల్ పియర్సన్ అగ్నిరేఖలు తీసి మంటలను ఆపి చూపించారు. ఆ పద్ధతిని బ్రాండిస్ మిగతా అడవులకు కూడా విస్తరింపజేశారు.

1878 చట్టం సమయంలో పెద్ద వాదన నడిచింది. అడవి మొత్తం ప్రభుత్వానిదేనని బేడెన్ పావెల్ వంటి అధికారులు పట్టుబట్టారు. ముఖ్యమైన అడవులను ప్రభుత్వం తీసుకుని, మిగిలినవాటిని గ్రామాల అడవులుగా ఊళ్లకే వదలాలన్నది బ్రాండిస్ అభిప్రాయం. ఆయన మాట నెగ్గలేదు. చట్టంలో గ్రామ అడవుల అధ్యాయం ఉన్నా అది చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది.

1881లో ఆయన మద్రాసు రాష్ట్రానికి వచ్చారు. అప్పుడు మన ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో గాని కర్నూలు జిల్లాలో కలవలేదు. 1876-78 నాటి పెద్ద కరువు ఈ రెండు జిల్లాలనూ తుడిచిపెట్టి ఎంతో కాలం కాలేదు. పశువులకు మేత, పొయ్యిలోకి కట్టె ఎక్కడి నుండి వస్తాయన్న ప్రశ్న అధికారుల ముందుంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. 1883లో బ్రాండిస్ మద్రాసు అడవుల నిర్వహణపై సూచనలతో నివేదిక ఇచ్చారు. అందులోనూ కట్టె, మేతల గురించి, గ్రామ అడవుల గురించి పట్టించుకున్నారు. గ్యాసు రాకముందు మన హాస్టల్ వంటగదిలో కట్టెల పొయ్యి దగ్గర కళ్లు మండించుకున్న సీనియర్ అన్నలకు ఈ కట్టె సంగతి ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు.

1883లో పదవీ విరమణ చేసి ఆయన స్వదేశం వెళ్లారు. 1889లో గిఫోర్డ్ పింఛో అనే అమెరికన్ యువకుడు ఆయనను కలిసి మార్గం చూపమని అడిగాడు. ఆ యువకుడే 1905లో అమెరికా అటవీ శాఖకు మొదటి అధిపతి అయ్యాడు. ఇలా మన దేశపు అడవి పాఠం అమెరికా పైన్ అడవులకు చేరింది. వృద్ధాప్యంలోనూ బ్రాండిస్ చదువు మానలేదు. ఆయన రాసిన ఇండియన్ ట్రీస్ గ్రంథం 1906లో వెలువడింది. 1907 మే 28న బాన్‌లో కన్నుమూశారు.

ఆయన గొప్పతనం చెప్పినప్పుడు, ఆయన తర్వాత తేలిన ఒక సత్యం కూడా చెప్పాలి. మంటను పూర్తిగా నిషేధిస్తే అడవి బాగుంటుందని ఆ తరం నమ్మింది. కానీ బర్మా తేమ అడవులలో మంట లేక వెదురు, పొదలు కమ్మి టేకు మొలక పైకి రాలేదు. కుమావూలో పశువుల కాపరులు పచ్చగడ్డి కోసం పైన్ చెట్ల కింద పెట్టే చిన్న మంటలను నేరంగా చూశారు. ఆంక్షలతో విసిగిన జనం కోపం 1921లో పెద్ద అగ్నిగా లేచింది. అమెరికాలో 1910లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయాక ప్రతి నిప్పునూ వెంటనే ఆర్పాలనుకున్నారు. దశాబ్దాల తర్వాత ఫలితం బయటపడింది. పాత పైన్ చెట్ల కింద ఎండుటాకు పేరుకుంది, చిన్న చెట్లు గుబురుగా లేచాయి. నేల మీది మంట ఆ చిన్న చెట్లను నిచ్చెనలా పట్టుకుని పెద్ద చెట్ల కొమ్మలకు ఎక్కింది. కిక్కిరిసిన చెట్లకు నీరు చాలక, పురుగును తోసివేసే జిగురు తగ్గి, బెరడు తొలిచే పురుగులకు బలయ్యాయి. అందుకే ఇప్పుడు అటువంటి పైన్ అడవులలో ముసలి చెట్లను ఉంచి, చిన్నవాటిని పలుచన చేసి, తగిన కాలంలో నేల మీది చెత్తను జాగ్రత్తగా కాలుస్తున్నారు. పత్తి మొక్కలు గుబురైతే ఒత్తు తీసే మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు.

బ్రాండిస్ జీవితం నుండి మనం రెండు పాఠాలు నేర్చుకోవాలి. ఆజ్ఞ ఇచ్చే ముందు లెక్క తీయాలి. లెక్క తీసినవాడు కూడా అక్కడ బ్రతికేవారి అనుభవం వినాలి. ఆయన కోరిన గ్రామ హక్కులో కొంతభాగం చట్టంగా రావడానికి 2006 దాకా, అంటే అటవీ హక్కుల చట్టం దాకా పట్టింది. నల్లమలలో నేడు చెంచులు కూడా అడవి కాపలా పనిలో ఉన్నారు.

తమ్ముళ్లారా, డెహ్రాడూన్‌లో నేటికీ ఐ.ఎఫ్.ఎస్. అధికారులకు శిక్షణ ఇస్తున్నారు. ఆ పరీక్షకు కావలసింది డిగ్రీలో సైన్సు లేదా వ్యవసాయం వంటి చదువు, పట్టుదల. ట్రంకుపెట్టెతో ఈ హాస్టల్‌కు వచ్చిన మనలో ఒకరు ఏదో ఒకరోజు ఆ బడి మెట్లెక్కాలి. సుగ్గికి పోయే ఇంటి కష్టం తెలిసినవాడు ఆ కుర్చీలో కూర్చుంటే, ఊరి మాట వినడం అతనికి వేరే ఎవరూ నేర్పనక్కరలేదు.