బధిర క్రీడాకారుడు విలియం హోయ్

అమెరికా బేస్‌బాల్ ప్రేక్షకులు విలియం హోయ్‌ను ‘డమ్మీ’, అనగా మూగవాడు, అని పిలిచేవారు. ఆ పిలుపు మాకు కటువుగా తోచినా, ఆయన దానినే తన పేరుగా నిలుపుకున్నారు.

1862లో ఒహాయో రాష్ట్రంలో జన్మించిన హోయ్ మూడవ యేట వ్యాధిగ్రస్తులై వినికిడి కోల్పోయారు. బధిర పాఠశాలలో ప్రథములుగా ఉత్తీర్ణులైనా, చెప్పులు బాగుచేసి జీవించారు. 1886లో వృత్తిక్రీడలో ప్రవేశించారు.

అంపైరు తీర్పు ఆయనకు వినబడదు. తెలుసుకొనుటకై వెనుదిరిగి చూసేలోగా పిచ్చర్ మరుబంతి విసిరేవాడు. అందుచేత తమ శిక్షకుడు చేయెత్తి తీర్పు సూచించే ఏర్పాటు చేసుకున్నారు. నేటి అంపైర్ల సంజ్ఞలన్నీ ఇందులోనివేనన్న ప్రచారానికి మాత్రం తగిన ఆధారం మాకు కనబడదు. 1888లో వాషింగ్టన్ పక్షాన 82 పర్యాయాలు ప్రత్యర్థుల కన్నుగప్పి తరువాతి బేస్ చేరి, నేషనల్ లీగ్‌లో అగ్రస్థానం పొందారు. 1902 వరకు మేజర్ లీగుల్లో ఆడారు.

1961 అక్టోబరులో, 99 ఏళ్ల ప్రాయంలో, సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ ఆటకు తొలి బంతి విసిరారు. ఆ డిసెంబరులోనే మరణించారు.