దీపధారిణి లెక్కలు

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినగానే, రాత్రివేళ దీపం చేతబూని క్షతగాత్రుల శయ్యల నడుమ సంచరించే కరుణామూర్తి మన మనోనేత్రం ముందు నిలుస్తుంది. ఆమె గొప్ప గణాంకవేత్త అన్న సంగతి మాత్రం చాలామంది ఎరుగరు.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. బాల్యం నుండి గణితంపై మక్కువ. కన్నవారు వారించినా సేవావృత్తినే వరించింది. క్రిమియా యుద్ధ కాలంలో, 1854 నవంబరు 4న, 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరుకుంది. మరునాడే ఇంకర్మన్ యుద్ధం జరిగింది. ఓడల నిండా క్షతగాత్రులు వచ్చిపడగా పడకలు చాలలేదు. ఎంత సేవ చేసినా మరణాలు ఆగలేదు. 1855లో పారిశుధ్య సంఘం వచ్చి మురుగు కాలువలను బాగుచేయించిన పిదప అవి బాగా తగ్గాయి.

1856లో స్వదేశం చేరి, విలియం ఫార్ తోడ్పాటుతో ఆ లెక్కలను పరిశీలించింది. సైనికులను గాయాలకంటె వ్యాధులే అధికంగా బలిగొన్నాయని తేలింది. తాను పాటుపడిన వైద్యశాల సైతం అందుకు మినహాయింపు కాదు. అయినా ఆ సత్యాన్ని దాచక, 1858లో రంగుల పటాలుగా లోకం ముందుంచింది. ఆ సంవత్సరమే లండన్ గణాంక సంఘంలో తొలి మహిళా సభ్యురాలైంది.

1860లో లండన్ అంతర్జాతీయ గణాంక మహాసభకు, వైద్యశాలలన్నిటికీ ఒకే తీరు పట్టికను ప్రతిపాదించింది. ఏడాది మొదట ఉన్న రోగులెందరు, చేరినవారెందరు, కోలుకున్నవారెందరు, మరణించినవారెందరు, మిగిలినవారెందరు, సగటున ఎన్ని రోజులున్నారు అన్నవే అందులోని ప్రశ్నలు.

ఈ అంకెల విలువ కాజీపేట వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్లాట్‌ఫారంపై ఒక బండి ఆలస్యమైతే, వెనుక బండి ఔటర్ సిగ్నల్ వద్ద నిలుస్తుంది. అత్యవసర విభాగమూ అంతే. గంటకు 10 మంది వచ్చి, ఒక్కొక్కరు సగటున 3 గంటలుంటే, అక్కడ సగటున 30 మంది ఉంటారు. పై వార్డుల్లో పడకలు దొరకక ఆ కాలం 4 గంటలైతే, కొత్తగా ఒక్క రోగి అదనంగా రాకున్నా 40 మంది అవుతారు. వైద్యుల సంఖ్య మాత్రం పెరగదు. వచ్చేవారిని మాత్రమే లెక్కించి, ఉండే కాలాన్ని విస్మరిస్తే ఆ భారం కంటికి కనబడదు.

భారతదేశ పారిశుధ్యం కోసం కూడా దశాబ్దాలు శ్రమించిన ఆ మహనీయురాలు 1910 ఆగస్టు 13న కన్నుమూసింది.

విద్యార్థి మిత్రులారా! కరుణ రోగి చెంతకు చేరుస్తుంది; ఎందరు రోగులు ఎదురుచూస్తున్నారో చెప్పేది లెక్క. సేవకు రెండూ కావాలి.